ప్రయాణములో ల్యాప్‌టాప్ రక్షణ

కర్నూలు జిల్లా పశ్చిమ భాగముననున్న హాలహర్వి ప్రాంతము నల్లరేగడి సీమ. ఊరు దాటినంతనే పత్తిచేలు. తెలుగుతోపాటు కన్నడము కూడ వినబడు పలుకుబడి. పత్తి అమ్ముకొనుటకు ఆదోనియే, రైలెక్కుటకును ఆదోనియే. ఇంటరు ముగించి హైదరాబాదుకో, బెంగుళూరుకో, చెన్నైకో పై చదువులకు పోవు విద్యార్థి వెనుకటివలె ట్రంకుపెట్టె మోయుట లేదు. వీపున ఒక సంచి తగిలించుకొని బస్సెక్కుచున్నాడు. ఆ సంచిలో ఒక ల్యాప్‌టాప్ కంప్యూటరు ఉండును.

దాని వెల 45 వేల రూపాయలనుకొన్నచో, అది ఎంత పత్తి అగును? 2025–26 సంవత్సరమునకు పొడవు పింజ పత్తికి కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ లెక్కన సంచిలో నున్నది ఐదున్నర క్వింటాళ్ళ పత్తి. వర్షాధారపు రేగడిలో ఎకరమునకు ఎంత దిగుబడి వచ్చునో ఎరిగిన ఇంటివారికి ఈ అంకె బరువును వేరుగ చెప్పనక్కరలేదు. యంత్రము పోవుట ఒక యెత్తు. అందులో నున్న ప్రాజెక్టు వ్రాతపని, సర్టిఫికెట్ల నకళ్ళు, ఫొటోలు పోవుట మరియొక యెత్తు. మొదటిదానిని అప్పుచేసియైనను మరల కొనవచ్చును. రెండవది ఎంత డబ్బు పెట్టినను అంగడిలో దొరకదు.

ఇది కళాశాల విద్యార్థులకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 8వ తరగతి విద్యార్థులకును, వారి ఉపాధ్యాయులకును కలిపి సుమారు 5 లక్షల ట్యాబ్‌లు పంచిపెట్టినది. ట్యాబ్ అనునది అట్టపలకవంటి చిన్న కంప్యూటరే. బడికిని ఇంటికిని మధ్య దినమునకు రెండుసార్లు ప్రయాణము చేయు యంత్రము. క్రింద చెప్పబోవు సంగతులలో పెక్కు వాటికిని వర్తించును.

ఎండయు బ్యాటరీయు

ప్రయాణములో ల్యాప్‌టాప్‌నకు మొదటి శత్రువు దొంగ అని చాలమంది తలంతురు. ఈ సీమలో దొంగకంటె ముందు లెక్కింపవలసినది ఎండ.

ల్యాప్‌టాప్‌లో ఎండకు అన్నిటికంటె త్వరగా దెబ్బతినునది లిథియం-అయాన్ బ్యాటరీ. 1991 లో జపానులోని సోనీ సంస్థ ఈ రకపు బ్యాటరీని మొదటిసారి అమ్మకమునకు తెచ్చినది. దీనికి మూలమైన పరిశోధనలకుగాను గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019 లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. బ్యాటరీలో ఒకవైపు గ్రాఫైటు పూసిన రాగిరేకు, రెండవవైపు కోబాల్టు మొదలగు లోహముల ఆక్సైడు పూసిన అల్యూమినియము రేకు ఉండును. రెండింటి నడుమ ఒక సన్నని ప్లాస్టిక్ పొర. దాని మందము మిల్లీమీటరులో సుమారు యాభైయవ వంతు. ఈ పొరలోని సూక్ష్మరంధ్రముల గుండ లిథియం అయానులు ఒక ద్రవము నాధారము చేసికొని, ఛార్జి చేయునపుడు గ్రాఫైటు వైపునకును, వాడునపుడు ఆక్సైడు వైపునకును ప్రయాణించును. మోటారుకారు బ్యాటరీలో వలె ఇందు నీరు కలిసిన ద్రవమును వాడుటకు వీలులేదు. ఈ బ్యాటరీ వోల్టేజి వద్ద నీరు విఘటనము చెందును. అందుచేత కర్బన సంబంధమైన ద్రవములను వాడుదురు. అవి మండెడు స్వభావము గలవి. ఈ మాట గుర్తున్నచో విమానయాన నిబంధనల మర్మము తరువాత సులభముగ బోధపడును.

ఉష్ణోగ్రతతోపాటు రసాయన చర్యల వేగము పెరుగునని హైస్కూలు విద్యార్థులు ఎరిగినదే. సుమారు 10 డిగ్రీలు పెరిగినచో వేగము రెట్టింపగునను మోటు సూత్రము పెక్కు చర్యలకు సరిపోవును. బ్యాటరీలో కావలసిన చర్యతోపాటు అక్కరలేని చర్యలు కూడ కొన్ని నెమ్మదిగా జరుగుచునే ఉండును. ద్రవము రేకులపై పేరుకొని, లిథియమును కొంత బంధించివేయును. వేడి ఈ పాడు చర్యలను తొందర చేయును; నిండు ఛార్జి మరింత తొందర చేయును. 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, 40 శాతము ఛార్జితో ఒక సంవత్సరము ఊరక ఉంచిన బ్యాటరీ తన సామర్థ్యములో సుమారు 4 శాతము కోల్పోవును. 40 డిగ్రీల వద్ద నిండు ఛార్జితో ఉంచినది అదే కాలములో సుమారు 35 శాతము కోల్పోవును. బ్యాటరీ రకమును బట్టి అంకెలు కొంత మారును. తేడా మాత్రము ఈ తీరుననే ఉండును. పోయిన ఈ సామర్థ్యము ఎన్నిమార్లు ఛార్జి చేసినను తిరిగిరాదు.

ల్యాప్‌టాప్‌ను 35 డిగ్రీల లోపల వాడవలెననియు, 45 డిగ్రీలకు మించిన చోట ఉంచరాదనియు తయారీదారులు సామాన్యముగ చెప్పుచుందురు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో ఏప్రిల్, మే నెలలందు నీడలోనే 40 డిగ్రీలు దాటుట వింత కాదు. ఇక ఎండలో నిలిపిన కారు సంగతి వేరు. సూర్యకాంతి అద్దముల గుండ లోపలికి పోయి సీట్లను, ముందరి బల్లను వేడెక్కించును. వాటివలన వేడెక్కిన గాలికి బయటికి పోవు దారి లేదు. ఒక గంటలో లోపలి గాలి వెలుపలి గాలికంటె 20 డిగ్రీలకు పైగా వేడెక్కును. ఇందులో ఎక్కువ భాగము మొదటి అరగంటలోనే జరిగిపోవును. అద్దమును రెండు వ్రేళ్ళ వెడల్పు దించి ఉంచినను పెద్ద ప్రయోజనము లేదని ప్రయోగములు తెలిపినవి. వెలుపల 42 డిగ్రీలున్న దినమున, “ఇప్పుడే వత్తు”నని చెప్పి సంచిని కారులో వదలి హోటలులో భోజనమునకు కూర్చున్నవాడు, తన బ్యాటరీని 60 డిగ్రీల పొయ్యిలో పెట్టి పోయినవాడే.

బస్సులో ప్రమాదమైన చోటు మరియొకటి. పాత బస్సులలో డ్రైవరు ప్రక్కన ఇంజను పైకప్పు ఎత్తుగా పెట్టెవలె ఉండును. నిలుచున్న ప్రయాణికుల సంచులన్నియు దానిపైననే చేరును. దానిపై అరచేయి ఆనించి పది సెకనులు ఉంచలేనిచో, ల్యాప్‌టాప్‌ను కూడ అక్కడ ఉంచరాదు.

వెలుపలి వేడికి తోడు లోపలి వేడి కూడ ఉన్నది. మూత మూసినంత మాత్రమున యంత్రము ఆరిపోదు; అది నిద్రావస్థలోనికి పోవును. ఆ స్థితిలో తాత్కాలిక స్మృతికి విద్యుత్తు అందుచునే యుండును. కొన్ని యంత్రములు సంచిలో నుండగనే తమంతట తాము మేల్కొని ఏవో క్రొత్త ప్రోగ్రాములను తెచ్చుకొనుటకు ప్రయత్నించును. ఫ్యాను తిరుగును గాని గాలికి దారి లేదు. గమ్యము చేరి సంచి తెరచినపుడు ఇస్త్రీపెట్టెవలె వేడిగా నున్న ల్యాప్‌టాప్ చేతికి తగులుటకు కారణమిదే. కావున బయలుదేరుటకు ముందు యంత్రమును పూర్తిగా ఆర్పి, దీపము కూడ ఆరినదని చూచుకొని, ఆ తరువాతనే సంచిలో పెట్టవలెను. దారిలో వాడవలసిన పని లేనిచో ఛార్జిని సగమునకు కొంచెము పైన ఉంచినచో చాలును.

పడుట, కుదుపు

ల్యాప్‌టాప్ బల్లపై నుండి బండపరుపు మీద పడినది. ఎత్తు 75 సెంటీమీటర్లు. అంత మాత్రపు ఎత్తునకు అంత నష్టమేల?

పడునపుడు భూమి ఆకర్షణ చేసిన పని యంతయు, ఆగునపుడు నేల చేయు పనితో సరిపోవలెను. పని అనగా బలమును దూరముచే గుణించిన లబ్ధము. పడిన దూరము 75 సెంటీమీటర్లు. గట్టి ప్లాస్టిక్ మూల గట్టి బండను తాకినపుడు రెండును అణగి ఆగు దూరము ఒక మిల్లీమీటరు అనుకొన్నచో, 750 మిల్లీమీటర్లలో సంపాదించినది ఒక్క మిల్లీమీటరులో పోగొట్టుకొనవలెను. అనగా యంత్రముపై పనిచేయు సగటు బలము దాని బరువునకు 750 రెట్లు. కిలోన్నర ల్యాప్‌టాప్‌నకు ఇది సుమారు 1,100 కిలోల బరువుతో సమానము. సెకనులో రెండువేలవ వంతు కాలము మాత్రమే అయినను, ఆ బరువు ఒక మూలపై పడును.

ఇప్పుడు అదే యంత్రము రెండు సెంటీమీటర్ల నురుగు రబ్బరుపై పడినదనుకొన్నచో లెక్క ఎట్లు మారును? 75 ని 2 చే భాగించిన 37 చిల్లర. రబ్బరు పూర్తిగా అణగిపోదు గనుక 50 రెట్లు అనుకొన్నను, 750 ఎక్కడ, 50 ఎక్కడ? మెత్తని సంచి చేయు ఉపకారమంతయు ఆగు దూరమును పెంచుటయే. కోడిగ్రుడ్లను ఊకలో పెట్టి సంతకు తీసికొనిపోవు అవ్వకు ఈ సూత్రము పుస్తకములు పుట్టకముందే తెలియును.

అంగడిలో అమ్ము సంచులలో పెక్కింటికి ప్రక్కలందు మెత్త ఉండును, అడుగున ఉండదు. సంచిని భుజము నుండి దింపి నేలపై “ధబ్” మని పెట్టినపుడు దెబ్బ తగులునది అడుగుననే. అడుగున ఒక తువ్వాలు మడచి పరచినచో ఈ లోపము తీరును. మరియొక పొరపాటు, ఛార్జరు దిమ్మెను ల్యాప్‌టాప్ మూతకు ఆనించి పెట్టుట. క్రిక్కిరిసిన బస్సులో ప్రక్కవాడు సంచిపై ఒరిగిన బలమంతయు ఆ దిమ్మె అంచున కేంద్రీకృతమై తెరను పగులగొట్టును. బలము తక్కువైనను వైశాల్యము మరీ తక్కువ గనుక పీడనము ఎక్కువ. కీబోర్డుపై మరచిన పెన్ను చేయు పనియు ఇదే.

ఇక లోపలి భాగములు. ఇటీవలి ల్యాప్‌టాప్‌లలో సమాచారమును దాచునది కదలిక లేని సిలికాన్ చిప్పులు. పాతవాటిలోను, నకళ్ళు దాచుకొనుటకు వాడు బయటి పెట్టెలలో చాలవాటిలోను హార్డ్‌డిస్కు ఉండును. ఇది నిమిషమునకు 5,400 మార్లు తిరుగు పళ్ళెము. దాని అంచు గంటకు సుమారు 65 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తుచుండగా, చదివెడు ముక్కు దానిపై కొలది నానోమీటర్ల ఎత్తున గాలిలో తేలుచుండును. మనిషి వెండ్రుక మందము 50 వేల నానోమీటర్లకు పైమాటే. ఇంత సన్నని సందుతో పరుగెత్తు యంత్రమును నడచుచుండగా కుదిపినచో ముక్కు పళ్ళెమును గీరివేయును. గీరిన చోటి సమాచారము పొడియై పోవును. ఆరియున్నపుడు ముక్కు ప్రక్కకు తొలగి విశ్రాంతి స్థానమున ఉండును గనుక దెబ్బను చాలవరకు ఓర్చుకొనును. 2003 లో ఐబీఎమ్ సంస్థ తన ల్యాప్‌టాప్‌లలో ఒక చిన్న త్వరణమాపకమును అమర్చినది. యంత్రము చేజారి పడుచున్నపుడు అది భారరహితస్థితిని కనిపెట్టి, నేల తాకకముందే ముక్కును తొలగించును. 75 సెంటీమీటర్లు పడుటకు పట్టు కాలము సెకనులో పదింట నాలుగు వంతులు. మనిషి “అయ్యో” అనుటకు చాలని ఆ వ్యవధి యంత్రమునకు చాలును.

సున్నితమైన యంత్రమును ఎడ్లబాటలలో మోసికొనిపోవు చిక్కు ఈ సీమకు క్రొత్త కాదు. ఆదోని నుండి రైలులో గుంతకల్లు దాటిన పిమ్మట గుత్తి వచ్చును. 1811 లో విలియం లాంబ్టన్ అను ఆంగ్లేయుడు, భారతదేశపు మహా త్రికోణమితీయ సర్వేలో భాగముగ, గుత్తి సమీపమున ఒక ఆధారరేఖను కొలిచెను. ఆయన వెంట తెచ్చిన పెద్ద థియొడొలైటు లండనులో కేరీ చేసినది. వలయము వ్యాసము 36 అంగుళములు. మొత్తము బరువు సుమారు అర టన్ను. అది ఇంగ్లండు నుండి వచ్చుచుండగా ఫ్రెంచివారు ఓడను పట్టుకొని మారిషస్ ద్వీపమునకు కొనిపోయిరి. అది శాస్త్రపరికరమని తెలిసి, అక్కడి గవర్నరు దానిని శుభాకాంక్షలతో సహా పంపివేసెను. యుద్ధము తప్పించుకొన్న ఆ పరికరమునకు 1808 లో తంజావూరున ఒక త్రాటివలన ఆపద వచ్చినది. బృహదీశ్వరాలయ గోపురముపైకి లాగుచుండగా మోకు తెగి, పెట్టె గోపురపు గోడకు మోదుకొన్నది. పెట్టె లోపలనే ఉన్నను వలయము వంకరపోయినది. లాంబ్టన్ ఆరు వారములు పట్టుదలతో కూర్చుండి, మరలతోను కప్పీలతోను దానిని కొంచెము కొంచెముగ లాగి యథాస్థితికి తెచ్చెను. పిమ్మట ఎన్నో సంవత్సరములు దానితోనే కొలతలు సాగినవి. గట్టి పెట్టె గీతలు పడకుండ కాపాడును, నొక్కు పడకుండ కాపాడును. ఆగు దూరమును మాత్రము పెంచలేదు. ఈనాటి గట్టి ప్లాస్టిక్ తొడుగులకును ఇదే పరిమితి.

గతుకుల బాటలో బస్సు వెనుక భాగము ముందు భాగముకంటె ఎక్కువ ఎగురును. వెనుక చక్రములకు ఆవల ఉన్న సీట్లు తులాదండపు కొనవలె ఆడును. సంచిని నేలపై పెట్టుటకంటె, పై బల్లపై పెట్టుటకంటె, ఒడిలో పెట్టుకొనుట మేలు. సీటులోని స్ప్రింగులు, మనిషి తొడల కండరములు కలిసి చిన్న చిన్న కుదుపులను మ్రింగివేయును. ల్యాప్‌టాప్ అను పేరునకే ఒడిపై నుండునదని అర్థము. ప్రయాణమున ఆ పేరును సార్థకము చేయుట మంచిది.

తేమ

ఈ విషయమున హాలహర్వి వాసి నిశ్చింతగ ఉండవచ్చును. చెన్నై చేరువరకు మాత్రమే. గాలిని చల్లార్చగా అందలి ఆవిరి నీరుగా మారుట మొదలిడు ఉష్ణోగ్రతను తుషారస్థానమందురు. మే నెలలో 40 డిగ్రీల వేడి, 20 శాతము తేమ ఉన్న రేగడి గాలికి తుషారస్థానము సుమారు 13 డిగ్రీలు. ఏసీ పెట్టెలో 23 డిగ్రీలకు చల్లబడిన యంత్రమును ఆ గాలిలోనికి తెచ్చినను దానిపై చుక్క నీరు పేరదు. చెన్నైలో వేడి 33 డిగ్రీలే; తేమ 75 శాతమున్నచో తుషారస్థానము 28 డిగ్రీలు. చల్లని ల్యాప్‌టాప్‌ను ఆ గాలిలో తెరచినచో, చల్లనీళ్ళ చెంబుకు పట్టినట్లు దానికి లోపల వెలుపల చెమట పట్టును. ఆ తడితో మీట నొక్కినచో లోపలి తీగల మధ్య విద్యుత్తు పోరాని దారిని పోవును. సంచి మూసియే ఉంచి అరగంట, ముప్పావుగంట ఆగి, యంత్రము బయటి వేడికి వచ్చిన తరువాత తెరచినచో చిక్కు లేదు.

ఆదోని పత్తి మార్కెట్టు దారిలో ఎగురు నూగు, రేగడి దుమ్ము ఫ్యాను రంధ్రములను మూసివేయును. దీనికి మందు జిప్పు మూయుటయే.

విమానములో నిబంధన

హైదరాబాదు నుండియో బెంగుళూరు నుండియో విమానమెక్కు విద్యార్థిని అడుగు మొదటి ప్రశ్నలలో ఒకటి, బ్యాటరీ ఎక్కడ ఉన్నదని. సామాను అప్పగింపునకు ఇచ్చు పెట్టెలో విడి బ్యాటరీలను, పవర్ బ్యాంకులను పెట్టరాదు. అవి చేతిసంచిలో ప్రయాణికుని వెంటనే ఉండవలెను. ప్రమాదకరమైన వస్తువును మనుషుల మధ్యనే పెట్టుకొమ్మనుట విపరీతముగ కనబడును. కారణము ఇది: బ్యాటరీ లోపలి ప్లాస్టిక్ పొర ఎక్కడనైన చిరిగినను, సుమారు 130 డిగ్రీల వద్ద కరగినను, రెండు రేకులును తాకి విద్యుత్తు ఒక్కసారి ప్రవహించును. వేడి పుట్టును, ఆ వేడి మరికొన్ని చర్యలను రేపును, అవి మరింత వేడిని పుట్టించును. గడ్డివామి అంటుకొన్నట్లు ఇది ఒక ఘటము నుండి మరియొక ఘటమునకు ప్రాకును. మనుషులున్నచోట పొగ వచ్చినచో వెంటనే కనిపెట్టి నీరు గ్రుమ్మరించి చల్లార్చవచ్చును. సామాను గదిలో అయినచో ఆలస్యముగ తెలియును. చేతిసంచి అయినను తలపై అరలో పెట్టి మరచినచో ముప్పు తప్పదు. 2025 జనవరి 28 న దక్షిణ కొరియాలోని బూసాన్ విమానాశ్రయమున బయలుదేరనున్న ఒక విమానమునకు తలపై అర నుండి మంటలు లేచి పైకప్పు కాలిపోయినది. ప్రయాణికులందరును ప్రాణములతో బయటపడిరి. ఒక పవర్ బ్యాంకులోని లోపమే కారణమై ఉండునని దర్యాప్తువారు తెలిపిరి. ఆ తరువాత పెక్కు విమానసంస్థలు నిబంధనలను బిగించినవి.

బ్యాటరీ ఎంత పెద్దదైనచో అనుమతింతురు? కొలత వాట్-గంటలలో ఉండును. వోల్టులను ఆంపియర్-గంటలతో గుణించిన వాట్-గంటలు వచ్చును. 11.4 వోల్టులు, 4.2 ఆంపియర్-గంటలు గల ల్యాప్‌టాప్ బ్యాటరీ సుమారు 48 వాట్-గంటలు. 100 వరకు చేతిసంచిలో ఆటంకము లేదు. 100 నుండి 160 వరకు విమానసంస్థ అనుమతి కావలెను. 160 దాటినచో ప్రయాణికుడు తీసికొనిపోరాదు. పవర్ బ్యాంకులపై 20,000 అను పెద్ద అంకె చూచి భయపడనక్కరలేదు. అవి మిల్లీ ఆంపియర్-గంటలు, 3.7 వోల్టులతో గుణించినచో 74 వాట్-గంటలే. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో లెక్కగ ఇయ్యవచ్చును. ఉబ్బిన బ్యాటరీ గల యంత్రమును మాత్రము ఏ ప్రయాణమునకును తీసికొనిపోరాదు. ఉబ్బుటకు కారణము పాడు చర్యలవలన లోపల పుట్టిన వాయువు. దానిని నొక్కుట, గ్రుచ్చుట ప్రాణాపాయము.

తనిఖీ చోట ఎక్స్‌రేలవలన సమాచారము చెరిగిపోవునను భయము నిరాధారము. అక్కడ ఎక్కువ ల్యాప్‌టాప్‌లు పోవుట తొట్టెలో మరచి వచ్చుటవలన.

దొంగయు, లోపలి సంపదయు

రాత్రి రైలులో సంచిని తలక్రింద పెట్టుకొని పండుకొనుట పాత పద్ధతి. దొంగ విషయమున అది మంచిదే, తెర విషయమున మంచిది కాదు. సంచిని బెర్తుపై తలవైపున, కిటికీకి దూరముగ ఉంచి, దాని పట్టీలో చేయి దూర్చి పండుకొనుట నయము. క్రింది బెర్తు అడుగున గొలుసు కట్టుటకు కొక్కెములు ఉండును. పెద్దపెట్టెకు అవి సరిపోవును. పెక్కు ల్యాప్‌టాప్‌ల ప్రక్కన కనబడు చిన్న దీర్ఘచతురస్రాకారపు రంధ్రము ఉక్కుతీగ తాళమునకే. గ్రంథాలయములోనో హాస్టలు గదిలోనో అది పనికివచ్చును. త్రెంపలేని తాళము కాదది. తొందరలో ఉన్న దొంగను ఆలస్యము చేయును.

అయినను దొంగిలింపబడినదే అనుకొన్నచో, లోపలి సమాచారము ఎవరి పాలగును? సంకేతపదము లేనిదే యంత్రము తెరచుకొనదు గదా అని చాలమంది ధైర్యము. ఆ సంకేతపదము వీధి తలుపునకు తాళము వంటిది. డిస్కును ఊడదీసి వేరొక కంప్యూటరునకు తగిలించినచో ఆ తలుపుతో పనియే లేదు. 2012 అక్టోబరు 31 న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఉద్యోగి ఒకరి ల్యాప్‌టాప్ తాళము వేసిన కారు నుండి చోరీ అయినది. దానికి సంకేతపదము ఉన్నది, లోపలి సమాచారము మాత్రము గూఢలిపిలో లేదు. ఎందరో ఉద్యోగుల వ్యక్తిగత వివరములు బయటపడు స్థితి వచ్చినది. అటుపిమ్మట, డిస్కంతయు గూఢలిపిలో లేని ల్యాప్‌టాప్ కార్యాలయము దాటరాదని ఆ సంస్థ ఆజ్ఞాపించినది.

గూఢలిపి అనగా డిస్కుపై వ్రాయు ప్రతి అక్షరమును ఒక రహస్య సంఖ్యతో కలగాపులగము చేసి వ్రాయుట. 2001 లో అమెరికా ప్రమాణముగ స్వీకరించిన ఏఈఎస్ అను పద్ధతి నేడు ప్రపంచమంతట వాడుకలో ఉన్నది. అందు రహస్య సంఖ్యకు కనీసము 128 స్థానములు. ప్రతి స్థానమునను సున్నయో ఒకటియో. మొత్తము సంఖ్యలు 2 ను 128 మార్లు గుణించినంత, అనగా 34 వ్రాసి దాని ప్రక్కన 37 సున్నలు చేర్చినంత. సెకనుకు లక్ష కోట్ల సంఖ్యలను ప్రయత్నించు యంత్రమున్నను, అన్నిటిని చూచుటకు 1 ప్రక్కన 19 సున్నలున్నన్ని సంవత్సరములు పట్టును. విశ్వము వయస్సు 1,380 కోట్ల సంవత్సరములు మాత్రమే. దొంగ ఇంత శ్రమ పడడు. సంకేతపదము 1234 ఏమో చూచును, పుట్టినతేదీ ఏమో చూచును. నాలుగంకెల పదములు మొత్తము పదివేలే.

విండోస్‌లో బిట్‌లాకర్, ఆపిల్ యంత్రములలో ఫైల్‌వాల్ట్ అను పేర్లతో ఈ ఏర్పాటు ఉన్నది. విండోస్ హోమ్ రకములో పూర్తి బిట్‌లాకర్ ఉండదు. తగిన యంత్రములలో ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ అనునది దొరకును. బిట్‌లాకర్ ఇచ్చు 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను కాగితముపై వ్రాసి ఇంటిలో భద్రపరుపవలెను. అది పోయి, యంత్రము మొండికెత్తినచో యజమానియే దొంగతో సమానుడగును. నిద్రావస్థలో నున్న యంత్రమునందు రహస్య సంఖ్య తాత్కాలిక స్మృతిలో నిలిచియే యుండును. పూర్తిగా ఆర్పినపుడు మాత్రమే చెరిగిపోవును. ఎండ విషయమున చెప్పిన జాగ్రత్తయే ఇక్కడను పనిచేయుచున్నది.

గూఢలిపి దొంగకు సమాచారము దక్కకుండ చేయును గాని, యజమానికి తిరిగి ఇయ్యదు. దానికి నకళ్ళే గతి. మూడు ప్రతులు, రెండు వేర్వేరు సాధనములపై, అందొకటి వేరొక ఊరిలో అను నియమము ఫొటోగ్రాఫరులలో పుట్టి అందరికిని పనికివచ్చినది. ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, ఇంటి దగ్గర అన్నగారి కంప్యూటరులోనో అంతర్జాల భాండారములోనో ఒకటి. పెన్‌డ్రైవును ల్యాప్‌టాప్ సంచిలోనే పెట్టినచో అది రెండవ ప్రతి కాదు. సంచితోపాటు రెండును పోవును. చొక్కాజేబులోనో మరియొక పెట్టెలోనో ఉండవలెను.

చోరీ జరిగినచో రైలు దిగి సొంతఊరు చేరువరకు ఆగనక్కరలేదు. రైలులోనే 139 సంఖ్యకు ఫోను చేయవచ్చును. టికెట్టు పరీక్షకుని వద్దనో, రైల్వే రక్షకదళము వారి వద్దనో ఫిర్యాదు పత్రము తీసికొని నింపి ఇయ్యవచ్చును. ప్రయాణము మానుకొనవలసిన పని లేదు. నేరము ఏ స్టేషను హద్దులో జరిగినను ఏ పోలీసు స్టేషనులోనైనను ఫిర్యాదు నమోదు చేయించుకొను హక్కును 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను స్పష్టముగ చెప్పుచున్నది. నష్టపరిహారము విషయమున మాత్రము ఆశ పెట్టుకొనరాదు. 1989 నాటి రైల్వే చట్టము 100వ సెక్షను ప్రకారము, ప్రయాణికుడు తన వెంట ఉంచుకొన్న సామాను పోయినచో, రైల్వే సిబ్బంది నిర్లక్ష్యముననో దుష్ప్రవర్తననో పోయినదని రుజువైననే తప్ప రైల్వే బాధ్యత వహింపదు.

పోయిన సెల్‌ఫోనును దాని గుర్తింపు సంఖ్యనుబట్టి దేశమంతట పనిచేయకుండ చేయు ఏర్పాటు ప్రభుత్వమునకు ఉన్నది. సిమ్ పెట్టు ట్యాబ్‌లకు అట్టి సంఖ్య ఉండును. ల్యాప్‌టాప్‌లలో చాలవాటికి ఉండదు. ల్యాప్‌టాప్‌ను గుర్తుపట్టుటకు తయారీదారు వేసిన వరుస సంఖ్యయే ఆధారము. పోలీసువారు మొదట అడుగునదియు అదియే. అది యంత్రము అడుగున సన్నని అక్షరములలో ఉండును. సంచిలో రాచుకొని ఒకటి రెండేండ్లలో చెరిగిపోవుటయు కలదు. కొన్ననాడే ఆ సంఖ్యను, బిల్లును ఫొటో తీసి ఇంటిలో ఒకరి ఫోనుకు పంపి ఉంచినచో, ఆదోని స్టేషనులో నిలుచున్న విద్యార్థికి హాలహర్వి నుండి ఒక్క నిమిషములో అది చేతికి వచ్చును.